పాటలు వినడానికి 5.1 కొనాలా.. రెండు స్పీకర్లు చాలా? ఉత్తరాంధ్ర ఇళ్లకు ఏది బెస్ట్ అంటే..

దసరా, పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం, దీపావళి, ఆ తర్వాత సంక్రాంతి. విజయనగరం, శ్రీకాకుళం వైపు ఇంట్లోకి కొత్త వస్తువు తెచ్చుకునే సీజన్ ఇదే. టీవీ కొన్నాక చాలామంది చూపు పక్కనే ఉన్న హోం థియేటర్ మీద పడుతుంది. ఐదు చిన్న స్పీకర్లు, ఒక పెద్ద సబ్ వూఫర్, ముందు రంగురంగుల లైట్లు. అదే ధరకు పక్కన రెండే స్పీకర్లున్న స్టీరియో సెట్ కనిపిస్తే ఎవరైనా ఏమనుకుంటారు? 'ఆరు వస్తుంటే రెండు ఎందుకు తీసుకోవాలి?' అనే.

సినిమాలు చూడటానికైతే ఆ లెక్క కొంతవరకు కరెక్టే. కానీ కొనేది ముఖ్యంగా పాటల కోసమైతే లెక్క తిరగబడుతుంది. ఇంట్లో ఎన్ని స్పీకర్లు పెట్టినా, ఆ పాటను ఎన్ని చానళ్లలో రికార్డు చేశారన్నదే ఇక్కడ అసలు పాయింట్. వేలకు వేలు పెట్టే ముందు ఈ సంగతి తెలుసుకుంటే డబ్బూ మిగులుతుంది, పాటా బాగా వినిపిస్తుంది. ఆ వివరాలేంటో చూద్దాం.

అసలు చానల్ అంటే ఏంటి?

చానల్, స్పీకర్ ఒకటే అని చాలామంది అనుకుంటారు. రెండూ వేరు. రికార్డింగులో విడిగా దాచి ఉంచిన ఒక్కో శబ్దాన్ని చానల్ అంటారు. దాన్ని బయటకు వినిపించే పెట్టె స్పీకర్. ఒకే చానల్‌ను పది స్పీకర్లకు కూడా ఇవ్వొచ్చు. పెళ్లి పందిట్లో, అమ్మవారి పండగల్లో కట్టే మైకు సెట్లో జరిగేది అదే. వీధి పొడవునా బాక్సులుంటాయి, అన్నింట్లోంచి వచ్చేది మాత్రం ఒకటే శబ్దం.

మోనో: మొత్తం పాట ఒకే చానల్‌లో ఉంటుంది. గాయకుడు, వయోలిన్, తబలా.. అన్నీ ఒకే చోటు నుంచి వస్తాయి.

స్టీరియో: ఎడమ, కుడి అని రెండు చానళ్లు. సరిగ్గా అమర్చితే గొంతు మధ్యలోంచి, వాయిద్యాలు అటూ ఇటూ వినిపిస్తాయి.

5.1 సరౌండ్: ముందు ఎడమ, మధ్య, కుడి, పక్కన లేదా కాస్త వెనుక ఎడమ, కుడి. మొత్తం ఐదు. చివర్లో ఆ '.1' అనేది ప్రత్యేకంగా బేస్ కోసం కేటాయించిన చానల్. అందులో సుమారు 120 హెర్ట్జ్ లోపు శబ్దాలే ఉంటాయి.

డాల్బీ అట్మాస్: దీనికి పైకప్పు నుంచి వచ్చే శబ్దం కూడా తోడవుతుంది. డబ్బా మీద 5.1.2 అని ఉంటే చివరి 2 అనేది పైనుంచి వినిపించే స్పీకర్ల లెక్క.

రెండు చెవులకు రెండు స్పీకర్లు ఎలా సరిపోతాయి?

మనకున్నవి రెండు చెవులే. అయినా వెనుక ఆటో హారన్ కొడితే వెనుకే అని తెలుస్తుంది. ఎడమవైపు నుంచి పిలిస్తే ఎడమకే తిరుగుతాం. ఎడమ నుంచి వచ్చే శబ్దం ఎడమ చెవికి ముందు చేరి, కుడి చెవికి ఒక్క క్షణం ఆలస్యంగా చేరుతుంది. ఈ తేడా సెకనులో వెయ్యో వంతు కూడా ఉండదు. పైగా మధ్యలో తల అడ్డుండటం వల్ల కుడి చెవికి శబ్దం కాస్త తగ్గుతుంది. ఇక ముందా, వెనుకా, పైనా అన్నది తేల్చడానికి మన చెవి డొప్పల ఆకారం సాయపడుతుంది. ఇవన్నీ కలిపి మెదడు దిక్కును పసిగడుతుంది.

స్టీరియో చేసేది ఈ లెక్కను వాడుకోవడమే. రెండు స్పీకర్ల నుంచి ఒకే గొంతు ఒకే స్థాయిలో, ఒకే సమయంలో వస్తే అది రెండింటికీ నడుమ, ఏ స్పీకరూ లేని చోట నుంచి వస్తున్నట్టు వినిపిస్తుంది. ఒకవైపు కాస్త పెంచితే ఆ వైపుకు జరుగుతుంది. బ్రిటన్‌కు చెందిన ఇంజనీర్ అలన్ బ్లూమ్‌లైన్ 1931లోనే దీనిపై పేటెంట్‌కు దరఖాస్తు చేశారు. స్టీరియో గ్రామఫోన్ రికార్డులు మార్కెట్లోకి రావడానికి మాత్రం 1950ల చివరి వరకు ఆగాల్సి వచ్చింది.

కచేరీకి వెళ్లినా అంతే. గాయకుడు, పక్కవాద్యాల వాళ్లు వేదిక మీద మన ముందే ఉంటారు. వెనుక నుంచి ఎవరూ పాడరు. వెనుక నుంచి వచ్చేది హాలు గోడలకు తగిలి తిరిగొచ్చే శబ్దమే. అందుకే ఎక్కువ సంగీతానికి ముందు పెట్టిన రెండు మంచి స్పీకర్లతోనే పని జరిగిపోతుంది.

విజయనగరం గొంతులు.. మోనోలోనే!

ఉత్తరాంధ్రలో పాట వినే ఇంట్లో ఏముంటాయో ఒకసారి చూడండి. ఘంటసాల పాటలు, సుశీల పాటలు, సాలూరి రాజేశ్వరరావు బాణీలు, శాస్త్రీయ సంగీతం ఇష్టపడే ఇళ్లలో ద్వారం వెంకటస్వామినాయుడి వయోలిన్. వీళ్లందరికీ ఈ నేలతో సంబంధం ఉంది. విజయనగరంలో 1919లో మొదలైన మహారాజా సంగీత కళాశాలకు ఆదిభట్ల నారాయణదాసు తొలి ప్రిన్సిపాల్. ద్వారం వారు అక్కడే వయోలిన్ నేర్పారు, 1936లో ప్రిన్సిపాల్ అయ్యారు. ఘంటసాల చదివింది ఆ కళాశాలలోనే. విజయనగరంలో పుట్టిన పి.సుశీల కూడా అక్కడి విద్యార్థే. రాజేశ్వరరావుది సాలూరు దగ్గర శివరామపురం.

ఇప్పుడు సౌండ్ లెక్కకు వద్దాం. ద్వారం వారి గ్రామఫోన్ రికార్డులు మోనో. ఒక వైపు మూడు నిమిషాలు దాటితే గొప్ప, ఆ 78 ఆర్పీఎం కాలం అలాంటిది. 1974లో ఘంటసాల కన్నుమూసే నాటికి తెలుగులో వచ్చిన సినిమా పాటల్లో ఎక్కువ భాగం కూడా మోనోనే. మీడియం వేవ్ రేడియోలో విన్నవీ మోనోనే. అంటే విజయనగరం నుంచి వచ్చిన గొప్ప గొంతుల్లో చాలా పాటలకు అసలు ఉన్నది ఒకే ఒక్క చానల్!

అలాంటి పాటను 5.1 సెట్లో పెడితే ఏమవుతుంది? కొత్తగా ఏదీ పుట్టుకురాదు. ఉన్న ఆ ఒక్క శబ్దమే ఐదు చోట్ల నుంచి వస్తుంది. గాయని ముందు నిలబడి పాడుతున్నట్టు ఉండాల్సింది, గది నిండా పరుచుకుపోతుంది. మాట స్పష్టత తగ్గుతుంది.

మోనో పాటకు నిజంగా కావాల్సింది గొంతు ఉండే మధ్య స్థాయి శబ్దాలను శుభ్రంగా పలికించే స్పీకర్. ఒక్కటైనా ఫర్వాలేదు. రెండుంటే వాటి నడుమ గొంతు నిలబడుతుంది. పాత రేడియోగ్రాముల్లో ఈ పాటలు నిండుగా వినిపించాయని పెద్దవాళ్లు అనడానికి ఇదొక కారణం. పెద్ద చెక్కపెట్టె, అందులో గొంతును బాగా పలికించే పెద్ద స్పీకర్ ఉండేవి.

సబ్ వూఫర్‌తో గొంతు ఎందుకు 'బొంయ్' అంటుంది?

చవక 5.1 సెట్లలో శాటిలైట్ స్పీకర్లు అరచేతిలో పట్టేంత ఉంటాయి. అంత చిన్న కోన్ సుమారు 150-200 హెర్ట్జ్ కిందికి దిగి గట్టిగా పలకలేదు. అందుకని ఆ పనంతా సబ్ వూఫర్ మీద పడేస్తారు. సమస్య ఇక్కడే మొదలవుతుంది.

మగ గొంతులో కింది స్వరాలు 100-200 హెర్ట్జ్ మధ్యే ఉంటాయి. అంటే గంభీరమైన గొంతు ఉన్న గాయకుడి పాటలో ఆ గాంభీర్యమంతా టీవీ స్టాండు మూల నుంచి, మిగతా గొంతు గోడ మీది చిన్న పెట్టెల నుంచి వస్తుంది. ఒకే గొంతు రెండు ముక్కలైపోతుంది. పైగా మూలలో పెట్టిన సబ్ వూఫర్ ఆ కింది స్వరాలను ఇంకా ఉబ్బిస్తుంది. షాపులో 'బేస్ అదిరిపోయింది' అనిపించేది ఇంటికొచ్చాక వారం రోజులకే చికాకు పెట్టడానికి ఇదే కారణం.

వయోలిన్, వేణువు, ఆడవాళ్ల గొంతు వంటివి ఎక్కువగా 200 హెర్ట్జ్‌కి పైనే ఉంటాయి. ఆ పాటల్లో సబ్ వూఫర్‌కు దొరికే పని చాలా తక్కువ. మృదంగం తొప్పి, తప్పెట, డప్పు, నేటి సినిమా బీట్లకు మాత్రం మంచి బేస్ కావాలి. అది ఐదారు అంగుళాల వూఫర్ ఉన్న స్టీరియో స్పీకర్లతోనే చాలావరకు వస్తుంది.

కేసెట్లు, సీడీలు.. రెండు చానళ్ల కాలం

1980ల్లో కేసెట్ ప్లేయర్లతో స్టీరియో మన ఊళ్ల ఇళ్లలోకి వచ్చింది. 1982లో వచ్చిన ఆడియో సీడీలో ఉండేవీ రెండు చానళ్లే. ఆ తర్వాత ఎంపీ3లు, పెన్ డ్రైవ్‌లు, ఇప్పుడు స్ట్రీమింగ్ యాప్‌లు.. వీటిలో దొరికే పాటల్లో అత్యధికం ఇప్పటికీ స్టీరియోనే.

థియేటర్లో మాత్రం కథ వేరు. తెలుగులో తొలి 70 ఎంఎం సినిమాగా 1986లో వచ్చిన 'సింహాసనం' ఆరు ట్రాకుల స్టీరియోఫోనిక్ సౌండ్‌తో విడుదలైంది. ఆ తర్వాత డీటీఎస్, డాల్బీ డిజిటల్ వచ్చాయి. ఇప్పుడు అట్మాస్ నడుస్తోంది. అంటే సినిమా హాల్లో ఆరు, అంతకన్నా ఎక్కువ చానళ్లలో మోగిన పాట, ఆడియోగా మన ఇంటికి వచ్చేసరికి రెండు చానళ్లే. 'హాల్లో విన్నట్టు ఇంట్లో లేదేంటి?' అనే ప్రశ్నకు సగం జవాబు ఇదే. హాల్లో వినేది సినిమా కోసం చేసిన మిక్స్. ఫోన్లో వినేది ఆల్బమ్ కోసం విడిగా చేసిన మిక్స్.

మరి పాత మోనో పాటను నిజంగా సరౌండ్‌గా మార్చలేరా? మార్చొచ్చు, కానీ అది స్టూడియోలో జరగాల్సిన పెద్ద పని. 1957 నాటి 'మాయాబజార్'ను 2010లో రంగుల్లో విడుదల చేసినప్పుడు దాని మోనో సౌండ్‌ను కూడా డీటీఎస్‌కి మార్చారు. ఇంట్లో రిమోట్ మీద 'సరౌండ్' బటన్ నొక్కితే జరిగేది అలాంటి పని కాదు. అది ఉన్న శబ్దానికి కాస్త ఆలస్యం, కాస్త ప్రతిధ్వని కలిపి వెనుక స్పీకర్లకు పంపుతుంది.

నెట్‌లో కనిపించే '8డీ ఆడియో' పాటలూ అంతే. అందులో ఎనిమిది చానళ్లేమీ ఉండవు. ఉన్నవి రెండే. పాటను ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకు తిప్పుతూ ప్రతిధ్వని కలుపుతారు. ఇయర్‌ఫోన్స్‌లో సరదాగా ఉంటుంది, స్పీకర్లలో పెడితే ఆ మజా పోతుంది.

బ్లూటూత్ పెట్టగానే 5.1 కాస్తా 2 అవుతుంది

హోం థియేటర్ కొన్నవాళ్లలో ఎక్కువమంది చేసేది ఫోన్‌ని బ్లూటూత్‌తో కలిపి పాటలు పెట్టడం. మామూలుగా బ్లూటూత్‌లో పాట రెండు చానళ్లుగానే వెళ్తుంది. ఆక్స్ వైరులోనూ రెండే. పెన్ డ్రైవ్‌లో ఉన్న ఎంపీ3 పాటలోనూ రెండే. అప్పుడు 5.1 సెట్ ఏం చేస్తుంది? ముందు స్పీకర్ల శబ్దాన్నే కాపీ చేసి వెనక్కీ ఇస్తుంది, లేదంటే తనకు తోచినట్టు విడదీస్తుంది.

నిజమైన 5.1 వినాలంటే మూడూ కలవాలి. ఒకటి, వినే కంటెంట్‌లో 5.1 ఉండాలి. రెండు, టీవీ నుంచి సెట్‌కు హెచ్‌డీఎంఐ ఏఆర్‌సీ లేదా ఆప్టికల్ కేబుల్ ఉండాలి. మూడు, ఆ సెట్‌లో డాల్బీ డిజిటల్ వంటి ఫార్మాట్‌ను విప్పే డీకోడర్ ఉండాలి. చవక సెట్లలో చాలావాటికి ఈ మూడోది ఉండదు. పేరుకు 5.1, లోపలికి వెళ్లేది మాత్రం రెండు చానళ్ల ఆక్స్. డబ్బా మీద 'డాల్బీ డిజిటల్' ముద్ర, వెనుక హెచ్‌డీఎంఐ లేదా ఆప్టికల్ సాకెట్ లేకపోతే అది పాటలకే కాదు, సినిమాలకూ నిజమైన సరౌండ్ ఇవ్వదు.

అయితే సరౌండ్ దండగేనా?

అస్సలు కాదు. సరౌండ్ కోసమే మిక్స్ చేసిన సంగీతాన్ని సరౌండ్‌లో వింటే ఆ అనుభవం వేరు. 2021 జూన్‌లో యాపిల్ మ్యూజిక్ డాల్బీ అట్మాస్ పాటలను తీసుకొచ్చాక ఇలాంటి మిక్స్‌లు బాగా పెరిగాయి. కచేరీ వీడియోలు, కొత్త సినిమాలు 5.1 లేదా అట్మాస్‌లో దొరుకుతున్నాయి. అలాంటివాటిలో వెనుక స్పీకర్లు హాలు విస్తీర్ణాన్ని, చప్పట్లను, కోరస్‌ను మోస్తాయి. ఓటీటీలో యుద్ధం సీన్, వాన సీన్ చూస్తే తేడా వెంటనే తెలుస్తుంది.

మన తప్పెటగుళ్లనే తీసుకోండి. శ్రీకాకుళం, విజయనగరం ఊళ్లలో గుండెల మీద తప్పెట కట్టుకుని బృందం వలయంగా తిరుగుతూ ఆడుతుంటే, జనం చుట్టూ నిలబడి చూస్తారు. చూసేవాడికి ఆట ముందే ఉంటుంది. వలయం తిరుగుతున్న కొద్దీ దరువు ఎడమ నుంచి కుడికి సాగుతుంది. రెండు మైకులతో బాగా రికార్డు చేస్తే స్టీరియోలోనే ఆ కదలిక వచ్చేస్తుంది. అదే మైకులను వలయం మధ్యలో నాలుగు దిక్కులకూ పెట్టి రికార్డు చేస్తే ఆటగాళ్లు మన చుట్టూ తిరుగుతున్నట్టు ఉంటుంది. దానికి సరౌండ్ కావాల్సిందే. కాబట్టి ఏది కావాలన్నది రికార్డింగు దగ్గరే తేలిపోతుంది. ఇంట్లో స్పీకర్లు పెంచితే రికార్డు చేయనిది వినిపించదు.

పది బై పన్నెండు హాల్లో ఏం జరుగుతుంది?

మన వైపు శ్లాబు ఇళ్లలో హాలు చాలావరకు పది బై పన్నెండు అడుగులు, మహా అయితే కాస్త ఎక్కువ. ఒక గోడకు టీవీ, ఎదురు గోడకు ఆనించి సోఫా. వెనుక స్పీకర్లు పెట్టడానికి సోఫా వెనుక చోటే ఉండదు. దాంతో అవి గోడ మీద, నెత్తికి రెండడుగుల దూరంలో వేలాడతాయి.

దీని ఫలితం లెక్క వేసి చూద్దాం. ముందు స్పీకర్లు ఎనిమిది అడుగుల దూరంలో, వెనుకవి రెండడుగుల దూరంలో ఉన్నాయనుకోండి. శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు వెళ్తుంది. అంటే అడుగు దాటడానికి సెకనులో దాదాపు వెయ్యో వంతు. వెనుక స్పీకర్ శబ్దం ముందుదానికంటే సెకనులో వెయ్యింట ఐదు వంతులు ముందే చెవికి చేరుతుంది. ఒకే శబ్దం రెండు చోట్ల నుంచి వస్తే ఏది ముందొస్తే అటే ఉందని మెదడు అనుకుంటుంది. పైగా దగ్గరిది గట్టిగా కూడా వినిపిస్తుంది. ఫలితంగా గాయకుడు టీవీ దగ్గర కాకుండా మన నెత్తి వెనుక నుంచి పాడుతున్నట్టు ఉంటుంది! మంచి ఏవీ రిసీవర్లలో దూరాన్ని బట్టి ఆలస్యాన్ని సరిచేసే సెట్టింగ్ ఉంటుంది. చవక సెట్లలో ఎక్కువగా వాల్యూమ్ తగ్గించుకోవడం ఒక్కటే దారి.

ఇంకో సమస్య ప్రతిధ్వని. టైల్స్ నేల, సిమెంటు గోడలు, శ్లాబు.. అన్నీ శబ్దాన్ని వెనక్కి కొట్టేవే. హాలు మధ్యలో నిలబడి గట్టిగా ఒక చప్పట్లు కొట్టి చూడండి. 'టింగ్' మని తోక వినిపిస్తే గదిలో మోత ఎక్కువున్నట్టు. ఐదు స్పీకర్లు పెడితే ఆ మోత ఇంకా పెరుగుతుంది. మందపాటి కర్టెన్లు, నేల మీద తివాచీ లేదా బొంత, పుస్తకాల బీరువా, బట్ట సోఫా.. ఇవి పెడితే చాలావరకు తగ్గుతుంది. ఈ పనికి పెద్ద ఖర్చు కూడా అవసరం లేదు.

రూ.10 వేల లెక్క

బడ్జెట్ రూ.10 వేలు అనుకుందాం. 5.1 సెట్‌లో ఈ డబ్బు ఐదు స్పీకర్లు, ఒక సబ్ వూఫర్, ఆరు చానళ్ల యాంప్లిఫయర్, రిమోట్, లైట్ల మధ్య పంచుకోవాలి. స్టీరియోలో అదే డబ్బు రెండు స్పీకర్లు, రెండు చానళ్ల యాంప్లిఫయర్‌కు వెళ్తుంది. ఒక్కో స్పీకర్‌కు పడే వాటా ఎంత పెరుగుతుందో చెప్పక్కర్లేదు. మంచి కోన్, వేరే ట్వీటర్, గట్టి చెక్కపెట్టె ఆ వాటాలోంచే వస్తాయి.

వాట్ల విషయంలో కూడా జాగ్రత్త. డబ్బా మీద వేలల్లో కనిపించే పీఎంపీవో వాట్లను నమ్మొద్దు. అది కంపెనీ తనకు నచ్చినట్టు వేసుకునే అంకె. చూడాల్సింది ఆర్‌ఎంఎస్ వాట్లు. పది బై పన్నెండు గదిలో పాటలకు ఒక్కో స్పీకర్‌కు 15-30 ఆర్‌ఎంఎస్ వాట్లు మామూలుగా సరిపోతాయి.

తీరప్రాంతాల వాళ్లు మరోటి గుర్తుంచుకోవాలి. భోగాపురం, కళింగపట్నం, బారువ లాంటి సముద్రం పక్క ఊళ్లలో ఉప్పుగాలికి వైర్లు బిగించే చోట తుప్పు పడుతుంది, తేమకు నాసిరకం చెక్క ఉబ్బుతుంది. కోన్ చుట్టూ ఉండే అంచు ఫోమ్‌ది అయితే కాలంతో పొడిలా రాలిపోతుంది. రబ్బరు అంచు ఉన్నది తీసుకుంటే ఎక్కువ కాలం నిలుస్తుంది. స్పీకర్లు ఎన్ని ఉంటే ఇలా పాడయ్యే చోట్లు కూడా అన్ని ఉంటాయి.

కొనేముందు షాపులోనే చెక్ చేయండిలా..

- డెమో పాట వద్దు. మీరు వందసార్లు విన్న పాటను మీ ఫోన్లో తీసుకెళ్లండి. ఒకటి పాత సుశీల లేదా ఘంటసాల పాట, ఒకటి కొత్త పాట.
- ముందు సబ్ వూఫర్ వాల్యూమ్ పూర్తిగా తగ్గించమనండి. గొంతు డబ్బాలోంచి వచ్చినట్టుంటే ఆ స్పీకర్లు పాటకు పనికిరావు.
- రెండు స్పీకర్లకు సరిగ్గా మధ్యలో నిలబడండి. పాత మోనో పాటలో గొంతు నట్టనడుమ నుంచి రావాలి.
- 'స', 'శ' పలికినప్పుడు చెవిలో గుచ్చుకుంటోందా అని వినండి. ఇంట్లో గంటసేపు వింటే అదే తలనొప్పి అవుతుంది.
- వాల్యూమ్ తగ్గించి కూడా వినండి. ఇంట్లో ఎక్కువ సేపు వినేది ఆ స్థాయిలోనే.
- పక్కనే ఉన్న రెండు సెట్లు పోల్చేటప్పుడు వాల్యూమ్ సమానంగా పెట్టమనండి. గట్టిగా మోగేది ఎప్పుడూ మెరుగ్గా అనిపిస్తుంది.

ఇంటికి తెచ్చాక ఎలా అమర్చాలి?

స్టీరియో అయితే రెండు స్పీకర్లు, మీరు కూర్చునే చోటు కలిపి సమబాహు త్రిభుజం కావాలి. స్పీకర్ల మధ్య ఆరడుగులు ఉంటే మీ నుంచి ఒక్కోటి ఆరడుగుల దూరంలో ఉండాలి. ట్వీటర్ చెవి ఎత్తులో ఉండాలి. గోడ నుంచి కనీసం అడుగు ముందుకు జరిపితే బేస్ మోత తగ్గుతుంది. రెంటినీ టీవీ కింద పక్కపక్కనే పెడితే స్టీరియో కొని మోనో విన్నట్టే.

ఒక చిన్న పొరపాటు చాలా ఇళ్లలో కనిపిస్తుంది. ఒక స్పీకర్‌కు ఎరుపు, నలుపు వైర్లు తారుమారు అవుతాయి. అప్పుడు ఒక కోన్ ముందుకొస్తుంటే ఇంకోటి వెనక్కి వెళ్తుంది. బేస్ మాయమవుతుంది, గొంతు ఎక్కడి నుంచి వస్తోందో అర్థం కాదు. కొత్త సెట్ బాగోలేదని షాపుకు పరిగెత్తే ముందు ఈ వైర్లు చూసుకోండి.

5.1 అయితే ముందు రెండు స్పీకర్లూ అదే త్రిభుజంలో ఉండాలి. వెనుకవి సరిగ్గా వీపు వెనుక కాకుండా పక్కల నుంచి కాస్త వెనక్కి, అంటే ఎదుటి దిక్కు నుంచి సుమారు 110 డిగ్రీల దగ్గర పెట్టాలి. పాటలు వినేటప్పుడు రిమోట్‌లో 'స్టీరియో' లేదా '2.1' మోడ్ ఎంచుకుంటే వెనుక స్పీకర్లు ఆగిపోతాయి. ఇప్పటికే 5.1 ఉన్నవాళ్లు ఈ రోజే ఈ బటన్ నొక్కి ఒక పాత పాట విని చూడొచ్చు. పైసా ఖర్చు లేకుండా తేడా తెలుస్తుంది.

పక్కింటి వాళ్ల సంగతి?

బేస్ గోడలు దాటి వెళ్తుంది. గొంతు, వయోలిన్ తలుపు వేస్తే ఆగుతాయి, సబ్ వూఫర్ దెబ్బ మాత్రం శ్లాబు గుండా పై వాటాలో కూడా వినిపిస్తుంది. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబుల్స్ పరిమితి. రాత్రి అంటే 10 నుంచి ఉదయం 6 వరకు. అపార్ట్‌మెంట్లలో, కలిసిపోయిన గోడలున్న ఇళ్లలో ఉండేవాళ్లకు సబ్ వూఫర్ లేని స్టీరియో ఈ విషయంలోనూ మేలు.

ఇంతకీ ఎవరికి ఏది?

- పాత పాటలు, శాస్త్రీయ సంగీతం, భక్తి పాటలే ఎక్కువగా వినేవాళ్లు: రెండు మంచి స్పీకర్ల స్టీరియో. సబ్ వూఫర్ అక్కర్లేదు.
- కొత్త సినిమా పాటలు, బీట్ ఇష్టపడేవాళ్లు: స్టీరియోనే, కాస్త పెద్ద వూఫర్ ఉన్నది. లేదంటే మంచి 2.1.
- సగం పాటలు, సగం ఓటీటీ సినిమాలు: ముందు ఏవీ రిసీవర్, రెండు మంచి ముందు స్పీకర్లు కొనండి. మధ్య స్పీకర్, వెనుకవి, సబ్ వూఫర్ తర్వాత ఒక్కోటి కలుపుకోవచ్చు. ఒకేసారి అన్నీ చవకవి కొనడం కంటే ఇది నయం.
- సినిమాలే ముఖ్యం, హాలు పెద్దది, వెనుక చోటు ఉంది: డీకోడర్ ఉన్న 5.1.
- చిన్న గది, వైర్లు వద్దు: సౌండ్‌బార్ టీవీ మాటలకు బాగుంటుంది. పాటలకు మాత్రం విడివిడిగా పెట్టుకునే రెండు స్పీకర్ల వెడల్పు అందులో రాదు.

షాపుకు వెళ్లే ముందు మీ ఫోన్లో ప్లే లిస్ట్ తెరిచి, గత నెల రోజుల్లో ఎక్కువసార్లు విన్న పది పాటలు చూడండి. అవి రెండు చానళ్లవో, ఒక్క చానల్‌వో అయితే ఐదు పెట్టెలకు డబ్బు కట్టాల్సిన పనిలేదు. ఆ డబ్బు రెండు మంచి స్పీకర్ల మీద పెడితే విజయనగరంలో నేర్చుకున్న గొంతులు మీ హాల్లో ఎదురుగా నిలబడి పాడినట్టే వినిపిస్తాయి.